గోరువెచ్చన

"గోరువెచ్చన" అంటే ఎన్ని డిగ్రీలని ఈ ఇరవై యేళ్ల ఉద్యోగంలో ఏ విద్యార్థీ నన్ను అడగలేదు. అడిగివుంటే, గోటికి తెలిసేపాటి వెచ్చదనమని ఏదో ఒకటి చెప్పి తప్పించుకునేవాణ్ణి. తెలుగు మాస్టరుకు ధర్మామీటరుతో పనేమిటి? కాని క్రిందటి డిసెంబరులో ఆ ప్రశ్న నేనే ఇంకొకరిని అడగవలసి వచ్చింది.

మా అమ్మకు డెబ్భైనాలుగేళ్లు. మోకాళ్లు రెండూ అరిగిపోయాయి. ఆపరేషన్ మాట ఎత్తితే "నాకున్న నాలుగు రోజులకూ కొత్త కీళ్లెందుకురా" అంటుంది. చలికాలం వచ్చిందంటే ఆవిడ బాధ చూడలేం. సికిందరాబాదు చలి ఏపాటిదని కోస్తా బంధువులు నవ్వుతారు గాని, 1946 జనవరిలో ఈ జంటనగరాల్లో 6.1 డిగ్రీల దాకా దిగిన సంగతి వారికి తెలియదు. అంత కాకపోయినా డిసెంబరు తెల్లవారుఝామున పన్నెండుకో పదమూడుకో దిగడం మామూలే. ఆ వేళ అమ్మ మంచం దిగి, గోడ పట్టుకుని, స్నానాలగది చేరేసరికి పది నిమిషాలు. ఒకరోజు ఆ గోడ పట్టు కూడా తప్పి కూలబడిపోయింది. దెబ్బ తగల్లేదు. కాని ఆ తర్వాత మంచం దిగడానికే భయపడటం మొదలుపెట్టింది. అదే మాకు ఎక్కువ దిగులైంది.

కసరత్తులు చెప్పడానికి వచ్చే ఫిజియోథెరపీ అమ్మాయి ఒక సలహా చెప్పింది. "మామ్మగారిని నీళ్లలో నడిపిస్తే బాగుంటుందండీ. నడుము లోతు నీళ్లలో నుంచుంటే ఒంటి బరువు సగమే కాళ్ల మీద పడుతుంది. పడిపోతానన్న భయం కూడా వుండదు. అయితే నీళ్లు గోరువెచ్చగా వుండాలి."

"గోరువెచ్చన అంటే ఎంతమ్మా?" అన్నాను.

"33, 34 డిగ్రీలు" అంది తడుముకోకుండా. మా డాక్టరుగారిని అడిగితే ఆయనా సరేనన్నారు. రక్తపోటు వున్న మనిషి కనుక ఇరవై నిమిషాలకు మించవద్దనీ, ఒంటరిగా దింపవద్దనీ షరతు పెట్టారు.

నీళ్ల మాట వినగానే అమ్మ ముఖం వికసించింది. ఎప్పుడో నాన్నగారితో భద్రాచలం వెళ్లినప్పుడు దగ్గర్లోని గుండాలకు వెళ్లారట. అక్కడ గోదావరి ఒడ్డున ఇసుకలో చెలమ తవ్వితే వేడినీళ్లు ఊరుతాయి. "ఆ చెలమలో కాళ్లు పెట్టుకుని ఎంతసేపు కూర్చున్నానో! మీ నాన్న బస్సు తప్పిపోతుందని కేకలు" అని చెప్పింది. గుండాలలో ఆ పని భూమాత చేస్తుంది. మారేడ్‌పల్లిలో కరెంటు చెయ్యాలి.

మా పెరట్లో నాన్నగారు కట్టించిన సిమెంటు తొట్టి ఒకటి వుంది. పంపు నీళ్లు రోజు విడిచి రోజు వచ్చే కాలంలో కట్టించారు. పది అడుగుల పొడవు, ఆరు అడుగుల వెడల్పు. కొన్నేళ్లుగా అందులో ఎండుటాకులూ, మా అబ్బాయి పోగొట్టుకున్న బంతులూ తప్ప ఏమీ లేవు. దాన్ని శుభ్రం చేయించి, లోపల జారని పలకలు వేయించి, మెట్లు కట్టించి, పట్టుకోవడానికి స్టీలు కమ్మీ బిగించాం. మూడడుగుల ఎత్తు నింపితే అమ్మకు నడుము దాకా వస్తాయి. అంటే అయిదువేల లీటర్ల పైచిలుకు. సరిగ్గా ఒక ట్యాంకరు. ఇంతవరకూ తాపీమేస్త్రీ పని, చకచకా జరిగిపోయింది. ఆ పైన జరిగిన దాంట్లో నా తెలివితక్కువతనం వుంది. ఇది రాస్తున్నది కూడా అందుకే.

ఇంట్లో రెండు ఇమ్మర్షన్ కడ్డీలు వున్నాయి, ఒక్కొక్కటి 1,500 వాట్లది. బకెట్టు నీళ్లు పది పదిహేను నిమిషాల్లో కాగుతాయి కదా, తొట్టికి రెండు కడ్డీలు, రెండు గంటలు చాలవా అనుకున్నాను. ఒక ఆదివారం తెల్లవారుఝామున తొట్టికి అడ్డంగా చెక్క వేసి, కడ్డీలు రెండూ వేలాడదీసి, ఎక్స్‌టెన్షన్ వైరుతో స్విచ్చి వేశాను. రెండు గంటలు గడిచాయి. నేను పేపరు చదువుకుంటున్నాను. అమ్మ కర్ర పోటీ వేసుకుంటూ పెరట్లోకి వచ్చింది. గోరువెచ్చనో కాదో చూడాలంటే ఆ తరం వారికి ధర్మామీటరు కాదు, చెయ్యి. వంగి చెయ్యి పెట్టబోతుండగా మా ఆవిడ వంటింటి గుమ్మంలోంచి పెట్టిన కేక మా వీధి చివరకు వినిపించి వుంటుంది. అమ్మ చెయ్యి ఆగిపోయింది. నేను పరుగెత్తి స్విచ్చి తీశాను.

తర్వాత నీళ్లు చూస్తే చన్నీళ్లే. ఉన్నదానికంటే ఒక్క డిగ్రీ పెరిగిందేమో!

మా ఆవిడ ఆ రోజల్లా నాతో మాట్లాడలేదు. మర్నాడు తనే ఎలక్ట్రీషియన్‌ని పిలిపించింది. ముప్ఫై యేళ్లుగా మా పేటలో వైరింగు పనులు చేస్తున్న పెద్దాయన. వచ్చినవాడు తొట్టి వైపు చూడలేదు, కడ్డీలు చూడలేదు. నేరుగా మెయిన్ స్విచ్చి దగ్గరకు వెళ్లి, ఒక హోల్డరుకు వంద వాట్ల బల్బు తగిలించి, ఒక తీగ ఫేజులోనూ రెండోది ఎర్తులోనూ పెట్టాడు. (ఈ పరీక్ష మీరెవరూ చెయ్యకండి. అది ఆయన చెయ్యవలసిన పని.) ఎర్తు బాగుంటే బల్బు వెలగాలట. అది కనీసం ఎర్రబారనైనా లేదు.

"సార్, మీ ఇంట్ల ఎర్తు లేదు. ఉత్త పిన్నులున్నయి" అన్నాడు.

అరుగు పక్కన పొదల్లో వెతికితే నాన్నగారి నాటి ఎర్తు గుంట దొరికింది. పైన మూత పగిలింది. లోపలి పైపు తుప్పు తిని చేతితో పట్టుకుంటే రాలిపోయింది. తీగ దానికి అంటుకుని లేనే లేదు. ప్రతి గోడకూ మూడు బెజ్జాల సాకెట్లు చూసుకుని మేము నిశ్చింతగా బ్రతుకుతున్నాం. ఆ మూడో బెజ్జం ఎన్నేళ్ల నుంచి అలంకారంగా వున్నదో తెలియదు. అలంకార శాస్త్రం చదువుకున్నవాణ్ణి, నాకే తెలియలేదు.

ఆ తర్వాత కడ్డీలు తీసుకుని మీటరు పెట్టి చూశాడు. ఒకటి బాగానే వుంది. రెండోదాని పైతొడుగు వంపు దగ్గర సన్నగా చిట్లింది. లోపలి కరెంటు తొడుగుకు, తొడుగునుంచి నీళ్లకు వస్తోంది. ఎర్తు వుంటే ఆ కరెంటు భూమిలోకి పోయేది. లేదు కనుక, నీళ్లలో చెయ్యి పెట్టిన మనిషి కోసం కాచుకుని వుంది. ఆయన ఆ మాట మామూలుగా, రేపు వస్తానన్నంత మామూలుగా చెప్పాడు. నేను అక్కడే మెట్టు మీద కూర్చుండిపోయాను. మా ఆవిడ లోపలికి వెళ్లి ఆయనకు టీ పెట్టి తెచ్చింది. నాకు తేలేదు.

"మరి ఎం.సి.బి. వుంది కదా, పడిపోదా?" అని అడిగాను, కొంచెం పరువు దక్కించుకుందామని. ఆయన నవ్వాడు. 16 ఆంపియర్ల ఎం.సి.బి. పదహారు దాటితేనే కదులుతుంది. అది తీగ కాలిపోకుండా కాపాడుతుంది గాని మనిషిని కాదు. ఆంపియరులో పదోవంతు గుండెలోంచి పోతే మనిషి పోతాడు. ఒళ్లు తడిసివుంటే అది మరీ సులువు. మనిషిని కాపాడేది ఇంకొకటి వుంది, ఆర్.సి.సి.బి. అని. పొద్దున మేతకు తోలిన గేదెలన్నీ సాయంత్రం తిరిగివచ్చాయా లేదా అని లెక్క చూసే పాలేరు వంటిది. ఒక తీగలో వెళ్లిన కరెంటు రెండో తీగలో అంతా తిరిగి రావాలి. 30 మిల్లీ ఆంపియర్లు లెక్క తగ్గినా, అంటే ఎవరి ఒంట్లోంచో, ఎక్కడి తడిలోంచో దారి తప్పినా, రెప్పపాటులో సరఫరా కట్టేస్తుంది. దాని మీద ఒక చిన్న పరీక్ష బొత్తాం వుంటుంది. నెలకొకసారి నొక్కి, పడుతున్నదో లేదో చూసుకోవాలి. ఇప్పుడు మా ఇంట్లో ఆ బొత్తాం నొక్కే పని మా అబ్బాయిది. నొక్కినప్పుడల్లా టీవీ ఆగిపోతుంది కనుక వాడికి అదొక అధికారం.

కొత్త ఎర్తు గుంట ఎనిమిది అడుగులు తవ్వారు. పైపు దించి చుట్టూ బొగ్గూ ఉప్పూ వరసలుగా నింపారు. తడి వుంటేనే అది పనిచేస్తుంది, ఎండాకాలం నీళ్లు పోస్తూ వుండాలన్నాడు ఆయన. మీటరు పెట్టి కొలిస్తే రెండు ఓములకు లోపు వచ్చింది. అప్పుడు గాని హీటరు మాట ఎత్తనివ్వలేదు.

రాణీగంజ్‌లో దుకాణాలు నాలుగు తిరిగాను. ఒకాయన "తొమ్మిది కిలోవాట్లది తీసుకోండి మాస్టారూ, మూడు గంటల్లో పొగలు వస్తాయి" అన్నాడు. ఇంకొకాయన తన హీటరు తక్కువ కరెంటుకు ఎక్కువ వేడి ఇస్తుందన్నాడు. మా కాలేజీలో ఫిజిక్సు చెప్పే మిత్రుణ్ణి వెంటబెట్టుకుని వెళ్లకపోతే నమ్మేవాణ్ణే. బయటికి వచ్చాక ఆయన సిగరెట్టు పెట్టె మీద లెక్క వేశాడు. లీటరు నీళ్లు ఒక డిగ్రీ వేడెక్కాలంటే ఒక కిలో క్యాలరీ కావాలి. ఒక యూనిటు కరెంటులో వుండేది 860 కిలో క్యాలరీలు. ఏ కంపెనీ తీగ చుట్టకైనా అంతే, ఎక్కువా రాదు తక్కువా రాదు. మా తొట్టి నీళ్లు డిసెంబరులో 22 డిగ్రీలు వుంటాయి. 33కు రావాలి. అయిదువేల లీటర్లు, పదకొండు డిగ్రీలు, 55,000 కిలో క్యాలరీలు. 64 యూనిట్లు. నా రెండు కడ్డీలూ కలిసి రెండు గంటల్లో తిన్నది ఆరు యూనిట్లు. ఒక్క డిగ్రీ పెరిగిందంటే ఆశ్చర్యం ఏమున్నది?

"అయితే పెద్దది కొంటే త్వరగా అవుతుంది కదా" అన్నాను.

"నీకు తొందరేమిటి? మీ అమ్మగారు దిగేది పొద్దున ఎనిమిదింటికి. రాత్రంతా వుంది" అన్నాడు.

నిజమే. తొమ్మిది కిలోవాట్లయినా మూడయినా కావలసినవి అవే 64 యూనిట్లు. తొమ్మిదయితే సింగిల్ ఫేజు మీద 39 ఆంపియర్లు లాగుతుంది. మా ఇంటికి మంజూరైన లోడు అయిదు కిలోవాట్లు. త్రీ ఫేజు తీసుకోవాలి, వైరింగంతా మార్చాలి. మూడు కిలోవాట్లదయితే 13 ఆంపియర్లు. నాలుగు చదరపు మిల్లీమీటర్ల రాగి తీగ ఒక్కటి మెయిన్ నుంచి విడిగా లాక్కుంటే హాయిగా మోస్తుంది. అదనపు లోడుకు దరఖాస్తు పెట్టి డబ్బు కట్టాం. మొదటిసారి నీళ్లు కాగడానికి ఇరవై యొక్క గంటలు పైన పట్టింది. పడితే పట్టనీ.

ఒక యూనిటుకు నాలుగు యూనిట్ల వేడి ఇచ్చే యంత్రం కూడా లేకపోలేదు. దాన్ని హీట్ పంపు అంటారు. ఫ్రిజ్‌ను తిరగేసినట్టు, బయటి గాలిలోని వేడిని లాగి నీళ్లలో పోస్తుంది. ఏడాది పొడుగునా వాడేవారికి అదే మేలు. మాకు కావలసింది మూడు నెలలు, దాని ఖరీదు మాత్రం మా హీటరుకు అనేక రెట్లు. సూర్యుడి మీద ఆధారపడదామా అంటే మా డాబా మీది పొద్దుటి ఎండను పక్క అపార్ట్‌మెంటు మింగేస్తుంది. కనుక మూడు కిలోవాట్ల కరెంటు హీటరే.

అది కడ్డీలా నీళ్లలో వేలాడదు. తొట్టికి పన్నెండు అడుగుల దూరంలో, వాన పడని చూరు కింద, గోడకు బిగించారు. చిన్న పంపు తొట్టి నీళ్లను తోడి దాని గుండా పంపి మళ్లీ తొట్టిలో పోస్తుంది. నీళ్లు పారకపోతే హీటరు ఆగిపోవడానికి ఒక స్విచ్చి, 34 దాటకుండా ఒక థర్మోస్టాట్, అది చెడిపోతే ఆపడానికి వేరే ఇంకొకటి వున్నాయి. ఈ మూడూ లేనిదాన్ని ఎంత చవగ్గా ఇచ్చినా తీసుకోకండి. మా బోరునీళ్లలో సున్నం ఎక్కువ. తీగ చుట్ట మీద పెచ్చు కడుతుంది, అప్పుడది లోలోపల కాగి పగులుతుంది. అందుకని మేము పంపునీళ్లే పోస్తాం, ఏడాదికొకసారి విప్పి కడిగించాలి. మా ఎలక్ట్రీషియన్ స్టీలు కమ్మీని కూడా విడిచిపెట్టలేదు. అమ్మ పట్టుకునేది దాన్నే కనుక, దానికీ తీగ వేసి ఎర్తుకు కలిపాడు. ఇన్ని చేసి కూడా చివరికి ఆయన పెట్టిన నియమం ఒకటి వుంది: మనిషి నీళ్లలోకి దిగేముందు మెయిన్ దించెయ్యాలి, ఎక్కాకే వెయ్యాలి. "యంత్రం మీద నమ్మకం వేరే, అమ్మ వేరే సార్" అన్నాడు.

ఇంత హడావిడీ అయ్యాక మొదటి రాత్రి 33కు తెచ్చి ఆపిన నీళ్లు తెల్లవారేసరికి 29కి దిగాయి. నాలుగు డిగ్రీలంటే 23 యూనిట్లు గాలిలో కలిసిపోయాయన్నమాట. హీటరు తప్పని దుకాణం మీదికి వెళ్లబోయాను. ఫిజిక్సు మిత్రుడే ఆపాడు. ఎండాకాలం కుండలో నీళ్లు ఎందుకు చల్లబడతాయి? కుండ ఒంటి మీది తడి ఆవిరవుతూ లోపలి వేడిని పట్టుకుపోతుంది. లీటరు నీళ్లు ఆవిరైతే 580 కిలో క్యాలరీలు దాని వెంట పోతాయి. మా తొట్టి అరవై చదరపు అడుగుల నోరు తెరుచుకుని రాత్రంతా అదే పని చేస్తోంది. నేను చిల్లుకుండలో వేడి పోస్తున్నాను! గీజర్ల మీద వేసే నక్షత్రాలు కూడా, ఎంత బాగా కాస్తుందని కాదట, కాగిన వేడిని ఎంతసేపు పోకుండా పట్టుకుంటుందని వేస్తారట. ఇన్నాళ్లూ ఆ నక్షత్రాలను నేను సినిమా సమీక్షల్లో వాటిలా అనుకున్నాను.

తొట్టెల మీద పరచడానికి గాలిబుడగల ప్లాస్టిక్ పట్టా అమ్ముతారు. దాన్ని తెచ్చి మా ఆవిడ అంచులకు సరిగ్గా కత్తిరించి నీళ్ల మీద పరిచింది. మర్నాటికి ఒకటిన్నర డిగ్రీ మాత్రమే తగ్గింది. రోజుకు మూడున్నర గంటలు హీటరు నడిస్తే చాలుతోంది. పదీ పదకొండు యూనిట్లు. మా బిల్లు పై శ్లాబులోకి ఎక్కింది కనుక నెలకు మూడువేల రూపాయలకు కొంచెం తక్కువగా అదనం. తేలికేమీ కాదు. పట్టా లేకపోతే దానికి రెట్టింపయ్యేది. అన్నింటికంటే చవకది ఆ పట్టా. దాన్ని గురించి ఏ దుకాణదారూ నాకు చెప్పలేదు.

అమ్మ మొదటిరోజు దిగడానికి అరగంట పట్టింది. ఆదివారం నాటి కేక ఆవిడా మరిచిపోలేదు. మెట్టు మీద నిలబడి "మెయిన్ తీశావురా?" అని మూడుసార్లు అడిగింది. నేను వెళ్లి మూడుసార్లూ చూసివచ్చాను. నాలుగోసారి తనే మా ఆవిణ్ణి పంపించింది. ఆ తర్వాత కమ్మీ పట్టుకుని ఒక్కొక్క మెట్టూ దిగి, నడుము దాకా నీళ్లు రాగానే ఆగి, "గుండాల అంత లేదు గాని, పరవాలేదు" అంది. ఫిజియోథెరపీ అమ్మాయి చెయ్యి పట్టుకుని తొట్టి పొడుగునా నాలుగుసార్లు నడిచింది.

ఫిబ్రవరి నెలాఖరుకు ఇరవైసార్లు నడవగలిగింది. అరిగిన మోకాళ్లు అరిగినట్టే వున్నాయి. తొడల్లో సత్తువ వచ్చిందని ఆ అమ్మాయి అంటుంది. గోడ పట్టుకోవడం మానలేదు గాని స్నానాలగదికి ఇప్పుడు మూడు నిమిషాల్లో చేరుకుంటుంది. మంచం దిగడానికి ఎవరినీ పిలవడం లేదు. పొద్దున్నే తులసికోటకు నీళ్లు పోసి, మిగిలిన చెంబెడూ ఎర్తు గుంటలో పోస్తుంది. మాలో ఎవరం చెప్పలేదు, ఎలక్ట్రీషియన్ చెప్పినప్పుడు విన్నదట.

మార్చి రెండోవారం నుంచి హీటరు వెయ్యవలసిన పని లేకపోయింది. ఎండకే నీళ్లు 33కు వస్తున్నాయి. మొన్న అమ్మ, మే నెలలో ఈ తొట్టి మరీ కాగిపోతుందేమో, చల్లార్చే మిషను రాణీగంజ్‌లో దొరుకుతుందేమో కనుక్కోమంది. అక్కర్లేదమ్మా, రాత్రిపూట పట్టా తీసేస్తే చాలని చెప్పాను.